గార్డు పెట్టె ముందరి ఉప్పు వేగన్

అరవయ్యో దశకం చివర్లో మా బావ, అంటే నా పెనిమిటి, నౌపడ నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు గూడ్సుకి గార్డు. టెక్కలి దాటాక రైలు పట్టా వంపు పక్కనే మా ఇల్లు. పిల్లల్లేరు, ఇరుగూ పొరుగూ లేరు. వారంలో ఎక్కువ రోజులు నేను మొగుడి మొహం చూసేది రైలు మా వంపు తిరిగేటప్పుడే. నేను అన్నం కేరేజీ పైకెత్తితే ఆయన రైలు చివరనున్న గార్డు పెట్టెలోంచి వంగి అందుకునేవాడు. నా సంసారమంతా ఆ కాస్త సేపే.

పాత వేగన్లకి ఇరుసులు చట్రానికే బిగించేసి ఉండేవి. వంపు వస్తే తిరగలేక చక్రాలు కీచుమని అరిచేవి. అవతలి వంపులో ఆ అరుపు వినగానే నేను కేరేజీ సర్దేసి, పట్టా దగ్గరికి చేరేదాన్ని.

తర్వాత బోగీల వేగన్లు వచ్చాయి. ఆయన మురిపెం ఏం చెప్పను! రెండు గిన్నెలు బోర్లించి, వాటి మీద పీట పెట్టి చూపించాడు. "సూడే, ఒక్కో గిన్నె ఒక బోగీ, అంటే పెట్టె కింద ఉండే సక్రాల బండి. దానికి నాలుగు సక్రాలు, స్ప్రింగులు. మజ్జిన సీల మీద బోగీయే తిరిగిపోతాది. సప్పుడే ఉండదు."

"సప్పుడు నేకపోతే నాకెలా తెలుస్తాది బావా?" అన్నాను. నవ్వేశాడు.

అయ్యిందా? మర్నాడు ఇంజను చప్పుడు విని పరిగెత్తేసరికే గార్డు పెట్టె దాటిపోయింది. గుణుపురం దాకా ఆయన పస్తు. తిరిగొచ్చాక ఆ బోగీల్నీ, వాటిని చేసినవాణ్నీ కలిపి తిట్టిపోశాను. తిడుతూనే ఏడ్చేశాను.

మళ్లీ ట్రిప్పులో అవతలి వంపు నుంచి ఒక్క కీచు! ఉప్పు మోసే పాత వేగన్ ఒకటి తన పెట్టె ముందర తగిలించుకొచ్చాడు. "ఒసే, నీ కోసవేనే!" అని అరిచాడు. అప్పట్నుంచి అది ఎప్పుడూ అక్కడే ఉండేది.

వానాకాలంలో జ్వరమొచ్చి ఆయన గుణుపురంలోనే పోయాడు. ఆ వేగన్ని తియ్యమని మాత్రం ఎవరూ చెప్పలేదు. అది కీచుమంటే నా చేతులు కేరేజీ కోసం వెతికేవి. పాడు వేగన్! భరించలేక ఓ రోజు పట్టా దగ్గర నిలబడి కొత్త గార్డుని అడిగాను. "బాబూ, ఆ ఉప్పు వేగన్ తీయించెయ్యవా?"

"అలాగే అప్పా," అన్నాడు, సొంత అక్కని పిలిచినట్టే.

మంచివాడు, తీయించేశాడు. ఆ కీచుకే అలవాటుపడ్డ చెవులేమో, తర్వాతి గూడ్సు ఎప్పుడు వెళ్లిందో నాకు తెలీలేదు. గుమ్మంలోకి వస్తే పట్టా మీద పొగ ఒక్కటే ఉంది. "బావా, సెప్పకుండా ఎల్లిపోయావేటి!" అని అప్పుడు ఏడ్చాను, ఆయన పోయిన రోజుకన్నా గట్టిగా.