నీళ్ళు తాగని ఆఫీసు

అమలమ్మ కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఆ యూనివర్సిటీలో లేరు. పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. బల్ల ఉంది, కుర్చీ ఉంది, సరిగ్గా ఫ్యాను కిందే చోటు కూడా ఉంది. అయినా కాలుగాలిన పిల్లిలా వరండాల్లో తిరుగుతూనే ఉంటుంది. "అమలమ్మగారికి చక్రాలున్నాయిరా" అని కుర్రాళ్ళు వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనీండి. ఆ వేసవి నుంచి ఆమె తిరిగిన తిరుగుడికి మాత్రం వేరే కారణం ఉంది. అది నవ్వులాట వ్యవహారం కాదు.

కొత్త పరిపాలనా భవనం కట్టినప్పుడు కింది అంతస్తులో ఆడవాళ్ళకి ఒక బాత్రూం పెట్టారు. మొదటి వానలకే డ్రైనేజీ ఎదురుతన్నింది, తాళం పడింది. తాళం పడ్డ గది ఖాళీగా ఉంటే ఆఫీసన్నది ఊరుకుంటుందా? పాత జవాబు పత్రాల మూటలు తెచ్చి అందులో కుక్కారు. పై అంతస్తులో పెద్దవాళ్ళకి ఎవరి గదిలో వాళ్ళకే ఏర్పాటుంది. మగవాళ్ళకి భవనం వెనకాల ఒకటుంది, అది లేకపోయినా వాళ్ళకి ప్రహరీగోడ ఉండనే ఉంది. ఆడవాళ్ళు మాత్రం గ్రౌండు దాటి, ఎండలో లేడీస్ హాస్టలు దాకా నడిచి, అక్కడ వాచ్‌ఉమన్ రావమ్మ మూతివిరుపులు భరించి రావాలి. తిరిగొచ్చేసరికి సూపర్నెంటు సురేష్ గడియారం వైపు చూస్తుంటాడు. నోరెత్తి ఏమీ అనడు, అదొక మర్యాద.

అందుకని ఆ భవనంలో ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేశారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ తీర్మానం చెయ్యలేదు, దానంతటదే అలవాటైపోయింది. పొద్దున ఇంట్లో కాఫీ తాగి వస్తే మళ్ళీ సాయంత్రం ఇంటికెళ్ళాకే గుక్కెడు నీళ్ళు. బెజవాడ ఎండల్లో! తలనొప్పి వస్తే ఎండదెబ్బ అనుకునేవాళ్ళు, కళ్ళు తిరిగితే బీపీ అనుకునేవాళ్ళు.

సింధూరి వచ్చాక ఆ అలవాటు మీద అమలమ్మకి మొదటిసారి భయం వేసింది. సింధూరి కాంట్రాక్టు మీద చేరిన డేటా ఎంట్రీ అమ్మాయి, పటమట నుంచి బస్సులో వస్తుంది. వేళ్ళు కీబోర్డు మీద పెడితే వానచినుకుల్లా శబ్దం. మొదటి కాన్పు, అయిదో నెల. ఒకరోజు మధ్యాహ్నం నుదురు బల్లకి ఆనించుకుని కూర్చుంటే అమలమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. ఒళ్ళు కాలిపోతోంది.

డాక్టరమ్మ యూరిన్ ఇన్ఫెక్షన్ అంది. "నీళ్ళు తాగమంటే తాగవేంటమ్మా, బిడ్డకి ముప్పు తెచ్చుకుంటావా?" అని కేకలేసిందట. మర్నాడు సింధూరి వచ్చి ఆ మాట చెప్తూ నవ్వబోయింది, నవ్వు రాలేదు.

"మేడమ్, మావారు మానెయ్యమంటున్నారు. నాకేమో ఇష్టం లేదు. ఈ ఉద్యోగం కోసం ఎంత తిరిగానో మీకు తెలుసుగా."

"మానటమేంటే పిచ్చిపిల్లా! ఒక గది తాళం తీయించలేకపోతే ఇక్కడ ఇన్నేళ్ళ నుంచీ నేనేం చేస్తున్నట్టు? నువ్వు ఆగు. నేను చూస్తా" అంది అమలమ్మ.

అనేసింది గానీ, అడగడం ఆమెకి పుట్టుకతో రాని విద్య. తండ్రి అబ్రహాము ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బొగ్గు దగ్గర పనిచేసి, నల్లటి ఉమ్ము ఊస్తూ ఇంటికొచ్చేవాడు. "మాస్కులు ఇమ్మని అడగరాదా" అని తల్లి తెరేసమ్మ అంటే, "పెద్దోళ్ళని అడిగితే ఇచ్చేది కూడా పోద్ది, నువ్వూరుకో" అనేవాడు. గుణదల కొండ కింద ఆ ఇంట్లో పిల్లలందరికీ ఉగ్గుపాలతో పట్టిన పాఠం అదే. కొండ మీద మరియమాతని ఏమైనా అడగొచ్చు, కొండ కింద మాత్రం ఎవర్నీ ఏమీ అడక్కూడదు. అలాంటి అమలమ్మని స్టాఫ్ అసోసియేషన్ వాళ్ళు మహిళా ప్రతినిధిగా ఎన్నుకున్నారంటే, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

సురేష్‌ని అడిగింది. "నాదేముంది మేడమ్, త్రూ ప్రాపర్ ఛానల్ రావాలి" అన్నాడు. సరే, ఛానలు పట్టుకుని నడిచింది. డెల్టాలో పుట్టినవాళ్ళకి కాలవల సంగతి ఒకరు చెప్పాలా? నీళ్ళు పైనుంచి కిందికి వస్తాయి. పైనున్నవాళ్ళు తూము ఎత్తితే కింద పొలం తడుస్తుంది. కిందనుంచి పైకి ఏం పోతుంది, ఎదురీదే చేప తప్ప?

అమలమ్మ "బాత్రూం తెరిపించండి" అంటే, సురేష్ దాన్ని "పరిశీలించగలరు" చేశాడు. అసిస్టెంట్ రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళేసరికి అది "వీలునుబట్టి పరిశీలించగలరు" అయింది. ఇంజనీరింగ్ విభాగంలో "వచ్చే సంవత్సరం ప్రణాళికలో" అన్నారు. రిజిస్ట్రారుగారి పేషీలో ఏమైందో దేవుడికే తెలియాలి. ఆ గుమ్మం పక్కనే గోడకి సలహాల పెట్టె ఉంది, దాని నెత్తిమీదే సీసీ కెమెరా ఉంది. ఇక ఎవడు వేస్తాడు సలహా? పెట్టెలో కందిరీగలు కాపురం పెట్టాయి.

ఇంట్లో కూడా ఆమె కాలు నిలవడం మానేసింది. అన్నం వడ్డిస్తూ గరిటె పట్టుకుని వీధిగుమ్మం దాకా వెళ్ళి వచ్చేది. "నీ రిటైర్మెంటు దగ్గరపడింది, నీకెందుకే ఈ తద్దినం?" అన్నాడు భర్త నతానియేలు, లెక్కల మాస్టారు. "ఆ పిల్ల పొట్ట చూస్తుంటే నాకు ముద్ద దిగట్లేదండీ" అంది.

ఆఖరికి అసోసియేషన్ ప్రెసిడెంటు రామలింగాన్ని పట్టుకుంది. పెడన నేతగాళ్ళ కుటుంబం, మాటా మంచి మగ్గం మీద నేసినట్టు నున్నగా ఉంటుంది. అతను శ్రద్ధగా విని, "నేరుగా వీసీగారి దగ్గరికే పోదాం మేడమ్. నేను చెప్తానుగా. అలాంటి మాట మీ నోటితో ఏం బావుంటుంది?" అన్నాడు. అమలమ్మకి ప్రాణం లేచొచ్చింది. తను నోరు విప్పక్కర్లేదు. అక్కడే పప్పులో కాలేసింది.

మన దగ్గర పెద్దవాళ్ళ దగ్గరికి ఉత్తచేతుల్తో వెళ్ళరు కదా. అందులోనూ వీసీగారు కొత్తగా వచ్చారు. రామలింగం పెడన నుంచి కలంకారీ శాలువా తెప్పించాడు. ఇంకొకరు పూలగుత్తి, ఇంకొకరు బందరు లడ్డూల డబ్బా. ఫోటోగ్రాఫరు వచ్చాడు. గోడు వెళ్ళబోసుకోవడానికి బయల్దేరిన జనం పెళ్ళివారిలా తయారై వెళ్ళారు.

వీసీగారు మంచి మనిషిలాగే కనిపించారు. లేచి నిలబడ్డారు, శాలువా కప్పించుకున్నారు, ఫోటోగ్రాఫరు "కొంచెం నవ్వండి సార్, మేడమ్ మీరూ" అంటే నవ్వారు. అమలమ్మ కూడా నవ్వింది. తర్వాత ఆయన అందరి వంకా చూసి అడిగారు.

"ఏమండీ, అంతా బాగున్నారా? ఇబ్బందులేం లేవుగా?"

"బాగున్నామండీ" అన్నారు అందరూ.

అలా అడిగితే అలాగే అంటాం. చావుబతుకుల్లో ఉన్నవాడు కూడా చూడవచ్చినవాళ్ళతో బాగున్నానండీ అనే అంటాడు. కానీ ఆ గుంపులో తన గొంతు కూడా వినపడ్డప్పుడు అమలమ్మ గుండె జారిపోయింది. రామలింగం వైపు చూసింది. రామలింగం గొంతు సవరించుకున్నాడు.

"అంతా తమ దయండీ. ఒక్క చిన్న మనవి..." అని ఆగాడు. చేతిలో ఇంకా శాలువా కవరుంది, ఎదురుగా కెమెరా ఉంది. నాలిక మడతపడింది. "ఆడవాళ్ళూ... అంటే సిబ్బంది... ఎండలు కదండీ, కింద ఒక మంచినీళ్ళ ప్లాంటు పెట్టిస్తే..."

"అంతేనా? తప్పకుండా!" అన్నారు వీసీగారు. అక్కడికక్కడే రిజిస్ట్రారుకి చెప్పేశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

వరండాలోకి రాగానే అమలమ్మ అతని మీద విరుచుకుపడింది. "ఏంటండీ రామలింగంగారూ ఇది?"

"ఏం చెయ్యమంటారు మేడమ్? అప్పుడే శాలువా కప్పి ఆ చేత్తో ఆ మాటెలా ఎత్తమంటారు? పోన్లెండి, మంచినీళ్ళన్నా వచ్చాయిగా."

"తాగనివాళ్ళకి నీళ్ళు తెచ్చారు, చాలా సంతోషం!" అంది. ఇంకా ఏదో అనబోయి ఆగిపోయింది. అతన్ని అని ఏం లాభం, తన నోరేమైంది? ఒక్క అడుగు ముందుకేస్తే సరిపోయేది కదా. ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది, అందులో అందరికంటే ఎక్కువ నవ్వుతున్నది తనే. ఫోను విసిరికొట్టాలనిపించింది.

ఈ ఛానల్లో చిత్రం ఏమిటంటే, పైవాడి మాట దాన్లో పరుగెడుతుంది. బాత్రూం తాళానికి దొరకని మేస్త్రీ, ప్లంబరూ, కరెంటు మనిషీ మంచినీళ్ళ ప్లాంటుకి రెక్కలు కట్టుకుని వాలారు. అదీ ఎక్కడ? ఆ తాళం వేసిన గది గోడకి ఆనించే. కొత్త పైపు ఆ గోడలోంచే లాగారు. అమలమ్మ అది చూసి రోజూ ఉడికిపోయేది. ఒకసారి మేస్త్రీనే బతిమాలింది, "బాబూ, ఎలాగూ గోడ పగలగొట్టావు, ఈ డ్రైనేజీ కూడా చూడవయ్యా" అని. "ఆర్డరు లేదమ్మా" అన్నాడు. అతని తప్పేముంది.

ప్రారంభోత్సవం నాడు రిబ్బను కట్టారు, షామియానా వేశారు. ఆడవాళ్ళందరూ మంచి చీరల్లో వచ్చారు. సింధూరి మాత్రం అమలమ్మ బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"మేడమ్, మళ్ళీ జ్వరం వచ్చింది. డాక్టరుగారు ఈసారి ఒప్పుకోలేదు. ఇవాళ్టితో మానేస్తున్నానండి. మీరు నా కోసం చాలా తిరిగారు."

అమలమ్మ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి షామియానా దాకా నడిపించుకుని వచ్చింది. వీసీగారు రిబ్బను కత్తిరించారు. తళతళలాడే స్టీలు కుళాయి తిప్పి, మొదటి గ్లాసు పట్టి, "మహిళా ప్రతినిధిగారు ఎక్కడ? మొదట ఆడవాళ్ళకే" అన్నారు. రామలింగం ఆమెని ముందుకి తోశాడు. కెమెరా తిరిగింది.

గ్లాసు చల్లగా ఉంది. అమలమ్మకి నిజంగానే గొంతు పిడచగట్టుకుపోయి ఉంది.

"తాగండమ్మా" అన్నారు వీసీగారు.

"తాగనండి" అంది.

రామలింగం నవ్వబోయాడు. ఎవరో వెనకాల "మేడమ్!" అన్నారు. ఆమె ఆగలేదు, ఆగితే ఇక జన్మలో రాదని తెలుసు.

"తాగితే వెళ్ళడానికి చోటు లేదండి. మీరు చెయ్యి ఆనించిన ఈ గోడకి అవతల ఆడవాళ్ళ బాత్రూం ఉందండి. పాడైపోతే తాళం వేసి పాత కాగితాలు కుక్కారండి. అందుకని ఈ భవనంలో ఆడవాళ్ళం ఎవ్వరం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు ముట్టమండి. ఇవి మంచి నీళ్ళేనండి. మాకే తాగే యోగం లేదు."

గ్లాసు బల్ల మీద పెట్టేసింది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు తలలు దించుకున్నారు, కొందరు ఏడుస్తున్నారు.

వీసీగారి మొహం ఎర్రబడింది. "ఇన్నాళ్ళూ నాకీ సంగతి ఎవరూ చెప్పలేదేం?" అన్నారు రిజిస్ట్రారు వైపు తిరిగి. రిజిస్ట్రారు అసిస్టెంట్ రిజిస్ట్రారు వైపు చూశారు, ఆయన సురేష్ వైపు చూశాడు. సురేష్‌కి చూడటానికి ఇక ఎవరూ మిగల్లేదు.

"ఇవాళే తాళం తీయండి. ఈ వారంలో అయిపోవాలి" అన్నారు వీసీగారు. మాటలో కోపం ఉంది, సిగ్గు కూడా ఉంది. తర్వాత గొంతు తగ్గించి, ఎదురుగా ఉన్న సింధూరిని, ఆమె పొట్టని చూసి, "ఏమనుకోకమ్మా, ఒక్క వారం ఓపిక పట్టు" అన్నారు.

సింధూరి చేతులు కట్టుకుంది. అంత పెద్దాయన తనతో మాట్లాడేసరికి కంగారుపడింది. "నేను ఇవాళ్టితో మానేస్తున్నానండి" అంది. ఆయన మొహం చూసి, ఆయన్ని నొప్పించానేమో అనుకుని, గబగబా నవ్వు తెచ్చుకుని, "పర్లేదండి" అని కూడా అంది.

అమలమ్మ ఆ పిల్లని రెండు చేతులా పట్టుకుని, అంతమంది ముందూ భోరుమంది.

"పర్లేదనకే తల్లీ" అంది. "ఇంకెప్పుడూ, ఎవరితోనూ పర్లేదనకు."