టీవీలు లేని వీధి

ఆ రోజుల్లో మెడలో ఐడీ కార్డు, చంకలో ఫైలు ఉంటే చాలు, దేశంలోని హెచ్చుతగ్గులన్నీ నా రాతతోనే సర్దుకుంటాయని గట్టిగా నమ్మేదాన్ని. ప్రభుత్వ పథకాల వల్ల పేదాగొప్పా తేడా తగ్గిందా లేదా అన్నది నా పీహెచ్‌డీ. (మా నాన్న మాత్రం చుట్టాలతో బ్యాంకు పరీక్షలకి చదువుతోందని చెప్పేవాడు.) సత్తెనపల్లి దగ్గర ఒక ఊళ్లో, మిరప కోతలకెళ్లే కూలీల వీధిలో మూడు రోజులు తిరిగితే ఒక్క ఇంట్లోనూ టీవీ లేదు, ఫ్రిజ్ లేదు. ఇంత పేదరికమా అని గుండె నీరైపోయింది. (ఇళ్ల మీద డిష్ గొడుగులు వరసగా ఉన్నాయి. కాగితాల మీంచి తల ఎత్తితేగా!)

నాలుగో రోజు మైకమ్మ ఇంటికెళ్లాను. చర్చిలో ఆమె పాడితే మైకు అక్కర్లేదని ఆ పేరు. ఓ మూల పూల దుప్పటి కప్పి ఏదో ఉంది.

“అదేంటండీ?”

“మా అత్త. జొరం. పలకరించబాకమ్మా.”

అలాగే రాసుకుంటుండగా, పోయిన కరెంటు వచ్చింది. దుప్పటి కిందనుంచి అత్తగారు మగ గొంతుతో సబ్బు ప్రకటన మొదలుపెట్టింది. అసలు అత్తగారు పెరట్లోంచి పరుగున వచ్చి, “ఏమే, సీరియల్ మొదలైందా?” అంది.

నాకు నవ్వు ఆగలేదు. మైకమ్మ మొహం మాత్రం పాలిపోయింది. “టీవీ ఉందని రాస్తే రేషన్ కార్డు తీసేస్తారంటగా? కళ్లు మండుతున్నా కాయలు కోసి కొనుక్కున్నానమ్మా. పైకి రమ్మంటారు, ఒక మెట్టెక్కితే దిగమంటారు. ఏం చెయ్యమంటావు?”

నా నలభై ప్రశ్నల్లో ఆ మాట రాసుకోవడానికి చోటే లేదు. ఫైలు మూసేసి, నేను గవర్నమెంటు మనిషిని కాదండీ, చదువుకుంటున్నానన్నాను. “ఇంత వయసొచ్చీ ఇంకా చదువేనా!” అని అత్తగారు జాలిపడి చాప మీద చోటిచ్చింది. సీరియల్ అయ్యేలోపు, వీధిలో ఫ్రిజ్‌లన్నీ దుప్పట్లు కప్పుకుని పడుకున్న వైనం తెలిసిపోయింది.

సర్వే అంతా అబద్ధమని మా గైడు గారికి చెప్పాను. చదువు మానెయ్యమంటారనే అనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వి, “అబద్ధం ఎందుకు చెప్పాల్సొచ్చిందో అది రాయమ్మా. నీ పరిశోధన అదే” అన్నారు. అదే రాశాను, ఊరి పేరూ మనిషి పేరూ ఎక్కడా పడకుండా. డాక్టరేట్ వచ్చింది.

ఇప్పుడు నేనే గైడుని. ఎవరింటికైనా వెళ్లగానే ప్రశ్నలు మొదలెట్టకండి, కాసేపు కూర్చోండి అని నా దగ్గర పరిశోధన చేసే పిల్లలకి పెద్దరికంగా చెబుతుంటాను. మొన్న ఒకమ్మాయి సర్వేకని దర్శి వైపు వెళ్లి ఖాళీ కాగితాలతో తిరిగొచ్చింది. “కూర్చున్నాను మేడం. అన్నం పెట్టారు. నిద్రొచ్చింది, పడుకున్నాను.”

కేకలెయ్యబోయాను. ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో అన్నం తిని, అలా హాయిగా నిద్రపోయి నాకెన్నేళ్లయిందో అనిపించి, నవ్వి ఊరుకున్నాను.