పరాసు వంశం

హ్యూగనాట్ల గురించి నేను మొదట విన్నది కువైట్‌లోని ఫింటాస్‌లో, ఒక శుక్రవారం చేపల పులుసు తింటూ. సబ్హాన్ గోదాములో నాతో పనిచేసే స్టోర్‌కీపర్ ఇల్లది. యానాం పక్క పల్లెటూరి మనిషి, చర్చి సంఘంలో పెద్ద. నేను దేవుణ్ణి నమ్మనని తెలిసే భోజనానికి పిలిచేవాడు. వాదన లేకపోతే ఆయనకు అన్నం అరిగేది కాదు.

ఇంట్లోకి ఇంటర్నెట్ వచ్చిన కొత్త. అందులో ఆయనకు పూర్వీకులు దొరికారు. పదిహేడో శతాబ్దం చివర ఫ్రాన్సు రాజు ప్రొటెస్టంట్ మతాన్ని నిషేధిస్తే, విశ్వాసం వదులుకోలేక దేశాలు పట్టిపోయిన జనం హ్యూగనాట్లు.

"మమ్మల్ని ఊళ్ళో పరాసోళ్ళంటారండి. పరాసులంటే ఫ్రెంచోళ్ళే కదండీ. మేమేమో ప్రొటెస్టంట్లం. ఇంకేం కావాలండి?" అన్నాడు.

నిజానికి ఆయనకు కావలసింది ఒకటుంది. నర్సుగా పనిచేస్తున్న కూతురు, సల్వాలో ఒక కువైటీ ఇంటి డ్రైవర్‌ని పెళ్ళి చేసుకుంటానంది. అతనిదీ అదే జిల్లా, అదే ప్రార్థన కూటం. తేడా అంతా పుట్టిన పేటలో ఉంది. బాప్తిస్మపు నీళ్ళలో పాపాలు కరిగిపోతాయట గాని, కులం తడవను కూడా తడవదు. అయితే కులం పేరెత్తి కాదనడానికి సంఘపెద్దకు నోరు రాదు. అందుకని ఫ్రాన్సు మీదుగా చుట్టు తిరిగి వస్తున్నాడు. నేను ఆ వంశచరిత్రను నాలుగు పేజీల్లో రాసిపెడితే, అది చూపించి కుర్రాడి వాళ్ళకు మర్యాదగా వద్దని చెప్పొచ్చునని ఆయన ఆలోచన.

"వాళ్ళని తరిమిన రాజ్యమే తర్వాత యానాంలో జెండా పాతింది. తరిమినవాడి ఓడే మీ తాత ఎందుకెక్కాడు?" అని అడిగాను.

"దొంగచాటుగా ఎక్కుంటాడండి. మీకన్నిటికీ సాక్ష్యం కావాలి."

"మరి ఉందా సాక్ష్యం?"

"మా అమ్మ చెప్పేదండి. మా ముత్తాత జమీందారు గారి దివాణంలో తివాచీల మీదే తిరిగేవోడంట. మామూలు మనిషిని తివాచీ ఎక్కనిస్తారాండి?"

పులుసు గిన్నె తెస్తున్న కూతురు ఆగింది. "డాడీ, మీ ఆఫీసులో టీ తెచ్చేవాణ్ణి అరబ్బులు ఏమంటారు?"

"ఫర్రాష్."

"నానమ్మ చెప్పింది సగమే చెప్తావేంటి? తివాచీలు పరిచి, దులిపి, చుట్టబెట్టేవోడంది. దివాణంలో ఆ పనోణ్ణీ ఫరాసనే పిలిచేవారంట. ఊరోళ్ళ నోట్లో పడి పరాసయ్యాడు."

నేను ముల్లు గుచ్చుకున్నట్టు దగ్గి నవ్వు దాచుకున్నాను. తివాచీ దులిపి బతికినవాడి వంశంలో పుట్టడం సిగ్గుపడాల్సిన సంగతేమీ కాదు. సిగ్గుంటే దానిమీద కూర్చుని ఊరేలినవాళ్ళకుండాలి. ఆ మాటే అన్నాను. ఆయన వినిపించుకోలేదు.

"పోనీ ఆ హ్యూగనాట్లు పరాయి దేశాల్లో ఎవర్ని చేసుకునేవోరండి?" అన్నాడు.

"మొదట్లో తమలో తామే. రెండు మూడు తరాలకు చుట్టుపక్కల వాళ్ళని."

"మూడు తరాలు నేనాగలేను డాడీ," అంది కూతురు, ఆయన కంచంలో పులుసు వడ్డిస్తూ. "వచ్చే శుక్రవారం తీసుకొస్తాను. కూర్చుని మాట్లాడితే సరే. లేదంటే మేమిద్దరమే ఊరెళ్ళి చేసుకుంటాం."

ఆయన అన్నంలో పులుసు చాలాసేపు కలిపాడు.

"ఆ కువైటీ ఇంటోళ్ళు కుర్రోడికి శుక్రవారం సెలవిస్తారా?"

"మధ్యాహ్నం దాకానే."

"అయితే వంట పెందలాడే మొదలెట్టు."