ఎజెక్ట్ కొట్టకుండా లాగిన పెన్‌డ్రైవ్

సికింద్రాబాద్ పక్కన మల్కాజ్‌గిరిలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. పోయినేడు ఒక పెళ్లి ఫొటోలన్నీ మ్యాక్ ల్యాప్‌టాప్‌లో ఒకే ఫైల్‌గా జిప్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి పెళ్లికొడుకు వాళ్ల అన్న మహేశ్‌కు ఇచ్చాను. పెళ్లయిన వారానికే వాళ్ల నాన్న గుండెపోటుతో పోయాడు.

మర్నాడే మహేశ్ షాపులోకి దూసుకొచ్చాడు. ఇంట్లో విండోస్ కంప్యూటర్‌లో ఆ ఫైల్ పాడైందని చూపిస్తోందట.

"మా నాయిన ఆఖరి ఫొటోలురా అవి! ఏం జేసినవ్?" అంటూ నా కాలర్ పట్టి గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది. అంతటితో ఆగక హెల్మెట్ ఎత్తి ల్యాప్‌టాప్ మీదికి పోయాడు. ఆ ఫొటోలు అందులో తప్ప ఇంకెక్కడా లేవు. దాని మీద బోర్లా పడ్డాను. దెబ్బలన్నీ నా వీపు మీదే.

"నన్ను కొట్టన్నా, దీన్ని కొట్టకు! మీ నాయిన ఇందులనే ఉన్నడు!"

హెల్మెట్ ఆగింది. ల్యాప్‌టాప్‌లో ఒక ఫొటో తెరిచాను. అందులో వాళ్ల నాన్న పెళ్లికొడుకు తలపై అక్షింతలు వేస్తూ నవ్వుతున్నాడు. మహేశ్ కింద కూలబడ్డాడు.

"జెర పెద్దగ జేసి సూపియ్ తమ్మీ," అన్నాడు ఏడుస్తూ.

తప్పు నాదే. గిరాకీ తొందరలో, కాపీ పూర్తయ్యాక నొక్కాల్సిన ఎజెక్ట్ కొట్టకుండా పెన్‌డ్రైవ్ లాగేయడం నా అలవాటు. ఫైల్ సగమే ఎక్కింది. దెబ్బలు ఎప్పుడో మానాయి కానీ, పెన్‌డ్రైవ్ మీద చెయ్యి వేస్తే చాలు, వీపు ఇప్పటికీ చురుక్కుమంటుంది.