కెమెరా ఒక్కటి తప్ప

మా అమ్మాయి చదువు కోసం ఈ మధ్య ఇంట్లోకి కంప్యూటర్ కొన్నాం. కీబోర్డు వచ్చిన అట్టపెట్టె విప్పగానే కొత్త ప్లాస్టిక్కూ థర్మోకోలూ కలిసిన వాసన గుప్పుమంది. రాజమండ్రిలో మూడో అంతస్తులో ఉన్నదాన్ని, పలివెలలో మా చిన్ననాటి పెంకుటింటి గదిలోకి వెళ్లిపోయాను. అమ్మాయి ఫోన్లో నాలుగు రకాల కెమెరాలు చూపించి, ఏది బాగుంటుందమ్మా అని అడుగుతోంది. మౌస్ గురించీ స్పీకర్ల గురించీ వెంటనే చెప్పగలిగాను గాని, ఆ ప్రశ్నకి మాత్రం ఖాళీ అట్టపెట్టె మడవడం మొదలుపెట్టాను.

నాకు పదేళ్లప్పుడు మా నాన్న కువైట్‌లో కూలీల క్యాంపులో వంట చేసేవారు. రెండేళ్లకోసారి గాని సెలవు దొరికేది కాదు. ఆయన లేని ఆ ఇంట్లో కాలమంతా నాకు తిండితోనే గుర్తు: ఎండల్లో బొటనవేలితో పొడుచుకు తిన్న తాటిముంజెలు, గోదారికి ఎర్రనీళ్లు తగిలే రోజుల్లో పనసాకు బుట్టల్లో ఇడ్లీలా ఉడికి ఆకు వాసన పట్టిన పొట్టిక్కలు, శ్రావణ శుక్రవారాల్లో నెయ్యి పోసుకోవడానికి చిల్లు పెట్టిన వేడి బూరెలు. ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం నాడు అమ్మ పెరట్లో పొయ్యి మీద మూకుడు పెట్టి బూరెలు వేస్తోంది. కొబ్బరిమట్ట మీద ఒకరు కూర్చుంటే ఇద్దరు లాగడం మా ఆట. నేను కూర్చున్న మట్ట మలుపులో జారి, నేను వెళ్లి నేరుగా పొయ్యికి తగిలాను. ఆ తర్వాత నాకు తెలిసింది మంట ఒక్కటే. కన్ను దక్కింది, ఎడమ చెంప మాత్రం చెవి కింది దాకా కాలిపోయింది. నాన్నకి ఫోన్లో అమ్మ, నూనె రెండు చుక్కలు చిందిందనీ మానిపోయిందనీ చెప్పింది.

కార్తీకం వెళ్లాక, నాకు కంప్యూటర్ కొనమని నాన్న ఫోన్ చేశారు. ఏమేం కొనాలో క్యాంపులో ఎవర్నో అడిగి రాసుకున్నారట, ఆయన చదువుతుంటే నేను నోటుబుక్కులో ఎక్కించాను. కరెంటు పోతే ఆగిపోకుండా యూపీఎస్, చక్రం ఉన్న మౌస్, మాట్లాడుకోవడానికి మైకు, స్పీకర్లు. అన్నిటికన్నా చివర, కెమెరా. అది మర్చిపోవద్దనీ, నన్ను చూసి ఏడాది దాటిపోయిందనీ రెండుసార్లు చెప్పారు. నేను ఆ మాట కింద గీత గీశాను.

కొత్తపేట వెళ్లాం, అమ్మా నేనూ సత్యం మావయ్యా. మావయ్య అమ్మకి తమ్ముడు, నీళ్ల మోటార్లు బాగుచేసేవాడు, కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ తనకి చుట్టమే అన్నట్టుండేవాడు. యూపీఎస్‌ని రెండు చేతులతో ఎత్తి, బరువు చూసి మరీ ఒప్పుకున్నాడు. స్పీకర్లు పెద్దవి కావాలని నేనూ, చిన్నవి చాలని అమ్మా కాసేపు గునిశాం. నేను షాపులో ఉన్న మౌసులన్నిటి మీదా చెయ్యి పెట్టి చూసి, అరచేతిలో పిచ్చుకలా ఒదిగిన నల్లదాన్ని ఎంచుకున్నాను. మా ఊళ్లో చీమలు దేన్నీ వదలవు కనక, మీటల మధ్య సందు లేని కీబోర్డు కావాలని అమ్మ అడిగితే షాపాయన నవ్వకుండా వెతికి తీశారు. అన్నీ అయ్యాక నిమ్మకాయంత కెమెరా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఇదెట్టుకున్నారంటే అక్కడ ఆయనకి మీరు ఎదురుగా కూచున్నట్టేనండీ."

"అది వద్దండి. మిగతావి కట్టేయండి," అంది అమ్మ.

"ఆయ్, అలాగేనండి," అని ఆయన దాన్ని పెట్టెలో పెట్టేశారు.

మావయ్య ఏదో అనబోయి, అమ్మ మొహం చూసి యూపీఎస్ ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ నన్ను కిటికీ వైపు కూర్చోబెట్టింది, కాలిన చెంప అద్దం వైపు, బాగున్న చెంప జనం వైపు. అంతే, నాకు అర్థమైపోయిందనుకున్నాను. నా మొహం చూపించడానికి అమ్మకి సిగ్గు. ఆ వయసులో ఒక అభిప్రాయం ఏర్పరచుకోవడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

సీపీయూకి బొట్టు పెట్టి, అమ్మ తన పాత వాయిల్ చీర చింపి అన్నిటికీ ముసుగులు కుట్టింది. శుక్రవారం నాన్నకి సెలవు, ఆ రోజు నెట్ సెంటర్‌కి వెళ్లేవారు. అక్కడ కెమెరా ఉండేది గనక ఆయన మాకు కనిపించేవారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్లిచూపులకి వచ్చినట్టు సర్దుకుని కూర్చునేవారు. ఆయన ముందు తెర మాత్రం నల్లగా ఉండేది. కెమెరా ఏదని అడిగితే, స్టాకు రాలేదంటండి అని అమ్మ ప్రతి వారమూ చెప్పేది. నాన్న ఆ నల్లటి తెరనే చూస్తూ, గౌను ఏ రంగుదమ్మా వేసుకున్నావు అని అడిగేవారు. నేను చెబుతుంటే, అది కనపడుతున్నట్టే తల ఊపేవారు.

ఒక శుక్రవారం అమ్మ సంధ్యదీపం పెట్టడానికి లేచింది. నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను: షాపులో కెమెరా ఉంది, అమ్మే వద్దంది, నా మొహం బాగోలేదని. నాన్న ముందుకు వంగి చదివారు. అమ్మ వచ్చాక చలి గురించి మాట్లాడారు.

ఆ మర్నాడు మావయ్యకి ఫోన్ వచ్చిందట. వారం తిరక్కుండా కెమెరా పట్టుకుని వచ్చాడు. బావగారు చెప్పేరు అక్కా, నన్నేమీ అనకు అన్నాడు. ఆ శుక్రవారం అమ్మ నన్ను కెమెరాకి పక్కగా, కుడి చెంప కనిపించేలా కూర్చోబెట్టి, తను దానికి అందకుండా గోడ వైపు నిలబడింది.

"ఇటు తిరుగమ్మా," అన్నారు నాన్న.

తిరిగాను. ఆయన చాలాసేపు చూశారు. వంటవాడు గనక, కాలిన చర్మాన్ని చూసి ఎంత నూనె, ఎటునించి పడిందో తెలుసుకోగలరు. నొప్పిగా ఉందా అని నన్ను అడిగి, లేదన్నాక, అమ్మని పిలవమన్నారు. అమ్మ కొంగు కప్పుకుని వచ్చి నా వెనక నిలబడింది.

"నీ చేతులు చూపించు."

"ఏం లేదండి, బానే ఉన్నాయి."

"మూకుడు మొత్తం ఒరిగితే పిల్ల దక్కేది కాదు. నువ్వే పట్టుకుని ఉంటావు. చూపించు."

అమ్మ కొంగు తీసి రెండు అరచేతులూ కెమెరా ముందు పెట్టింది. చర్మం ముడుచుకుపోయి, గీతలు లేకుండా, గులాబీ రంగులో మెరుస్తున్నాయి. నాన్న చెవులకి ఉన్న హెడ్‌ఫోన్లు తీసేసి మొహం పక్కకి తిప్పుకున్నారు.

ఆ చేతుల్ని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నా కన్నుకి కట్టు ఉన్నప్పుడు వాటికీ గుడ్డలు చుట్టి ఉండటం చూశాను. నెల రోజులు మావయ్య వాళ్లింటి నించి అత్తయ్య వచ్చి వండటం, అమ్మకి ముద్దలు కలిపి పెట్టడం చూశాను. వేళ్లు పూర్తిగా వంగక జడపాయలు జారిపోతుంటే గట్టిగా వెయ్యమని విసుక్కున్నాను కూడా. నా నొప్పి నాకు పెద్దదై, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. మీ నాన్న చూస్తే పని వదిలేసి వచ్చేస్తారని భయమేసిందే, అని మాత్రం ఆ రాత్రి అమ్మ అన్నం పెడుతూ అంది. నేను చాడీ చెప్పిన సంగతి నాన్న ఆమెకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాలనుకుంటూనే పెద్దదాన్నైపోయాను.

ఇప్పుడు కొత్తపేటలో ఆ షాపు ఉన్న చోట మందుల కొట్టుంది. కొబ్బరిమట్టల మీద లాక్కునే పిల్లలు ఎక్కడా కనపడటం లేదు. నా చెంప మీది మచ్చ పౌడరు రాస్తే తెలియనంత తేలికైపోయింది. అమ్మ పోయి మూడేళ్లయింది. చెప్పుకోవడానికి ఇక ఆమె లేదు. పెద్ద ఫొటో కట్టిద్దామని ఇంట్లో ఉన్నవన్నీ, మా అందరి ఫోన్లలో ఉన్నవన్నీ వెతికాను. నా పెళ్లిలో, అమ్మాయి బారసాలలో, ప్రతి ఫొటోలోనూ అమ్మ నవ్వుతూనే ఉంది. ఒక్క దాంట్లోనూ ఆమె చేతులు లేవు.