ఒంటిగంటకు దిగే ఉంటాడన్నాను

థర్మల్ పవర్ స్టేషన్లో పాతికేళ్ళు పనిచేసినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. లోకమంతా సైరన్ ప్రకారమే లేచి కూర్చుంటుందనుకుంటాడు. నాకు ఆ జబ్బు బాగా ముదిరాకే రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుని అందరి మీదా కేకలేస్తుంటే, మా ఆవిడే పోరుపెట్టి మళ్ళీ ఉద్యోగంలో చేర్చింది. మా రాయచూరు జిల్లాలోనే ఒక యూనివర్సిటీ క్యాంపసు. పేరెందుకు లెండి. అక్కడ సేఫ్టీ సూపర్‌వైజరుగా కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. పిల్లలూ సిబ్బందీ క్షేమంగా ఉండేలా చూడడం నా పని అని ఆర్డరులో ఒక్క వాక్యం రాసిచ్చారు.

చేరిన మొదటి నెలంతా అరుస్తూనే తిరిగాను. మెస్సులో గ్యాసు సిలిండర్లు పొయ్యి పక్కనే ఉండేవి. ల్యాబులో మంటలార్పే సిలిండరుకి ఎవరో తడి తువ్వాలు ఆరేశారు. పాత బావికి మూత లేదు. అన్నీ సరిచేయించాను. పిల్లలు నాకు సైరన్ అని పేరు పెట్టారట. విననట్టు నటించేవాణ్ణి గానీ లోపల సంతోషంగానే ఉండేది.

క్యాంపసుకి ఒకడే ఎలక్ట్రీషియను. తరతరాలుగా రాయచూరులో ఉన్న తెలుగువాళ్ళ మనిషి, నలభై అయిదేళ్ళుంటాయేమో, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. అటెండరుతో కన్నడం, మెస్సులో వంటాయనతో ఉర్దూ, నాతో తెలుగు, ఒకే ఊపిరిలో మాట్లాడేవాడు. స్తంభం ఎక్కేముందు ఆ లైను ఫ్యూజులు మూడూ పీకి ప్యాంటు జేబులో వేసుకునేవాడు. దిగాక తనే వెళ్ళి పెట్టేవాడు. వాళ్ళ గురువు నేర్పిన పద్ధతట. మా దగ్గర లైన్‌మెన్లలో చాలామందిది అదే అలవాటు.

ఒకసారి పని ముగించి ఫ్యూజులు జేబులో ఉండగానే ఇంటికి వెళ్ళిపోయాడు. అమ్మాయిల హాస్టలు మోటారు కూడా అదే లైను మీద ఉంది. సాయంత్రం దాకా వాళ్ళకి నీళ్ళు లేవు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పదిమంది ముందు నిలబెట్టి, పవర్ స్టేషనంతా ఇలా జేబుల్లో పెట్టుకు తిరిగితే దేశానికి కరెంటు వచ్చినట్టే అని ఎగతాళి చేశాను. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

"ఫ్యూజు నా జేబుల ఉంటే నా పానం నా తాననే ఉన్నట్లు సార్. గోడకు ఏలాడదీస్తే అది అందరిదైతది" అన్నాడు.

నేను వింటేగా. నా గదిలో గోడకి చెక్క కొట్టించాను. దానికి మేకులు, ఎర్ర అట్టముక్కలు, పక్కన ఒక రిజిస్టరు. పీకిన ఫ్యూజు తెచ్చి అక్కడ తగిలించి సంతకం చేయాలి, దిగాక సంతకం చేసి తీసుకెళ్ళాలి. స్టేషన్లో మేం చేసిన పద్ధతే. మంచి పద్ధతే, ఇప్పటికీ అదే అంటాను. కానీ కింద ఇంకో వాక్యం చేర్చాను. సంతకం చేసిన మనిషి తప్ప ఇంకెవరూ నా అనుమతి లేకుండా తీయరాదు అని. అంటే నేను ఊఁ అంటే తీయొచ్చన్నమాట. స్టేషన్లో ఏ ఇంజనీరుకీ లేని అధికారం నాకు నేనే ఇచ్చుకున్నాను. రాసేటప్పుడు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పుకోడానికి సిగ్గేస్తోంది.

ఏడాది పాటు ఆ పద్ధతి బాగానే నడిచింది. అతనూ గొణుక్కుంటూనే అలవాటు పడ్డాడు.

ఆ తరువాతి వేసవిలో లైబ్రరీ నుంచి అమ్మాయిల హాస్టలుకి వెళ్ళే దారిలో దీపాలన్నీ పోయాయి. బయటి కుర్రాళ్ళు బైకుల మీద వచ్చి వెంటపడుతున్నారని అమ్మాయిలు రెండుసార్లు కాగితం పెట్టారు. సామాను రాలేదని ఆఫీసువాళ్ళు తాత్సారం చేశారు. ఒకమ్మాయి భయపడి పరుగెత్తి పడిపోయి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పుడు అందరూ వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. నేను లేచి, శుక్రవారం సాయంత్రానికి దారంతా దీపాలు వెలుగుతాయని మాటిచ్చాను. సామాను గురువారం వచ్చింది.

శుక్రవారం సింధనూరులో పాత సహోద్యోగి కూతురి పెళ్ళి. తప్పనిసరిగా వెళ్ళాలి. పొద్దున్నే ఎలక్ట్రీషియన్ని పిలిచి, చీకటి పడేలోగా ఒక్క దీపం వెలగకపోయినా నీ మొహం నాకు చూపించకు అన్నాను. నా గది తాళంచెవి హాస్టలు వార్డెనుకిచ్చి బస్సెక్కాను. ఆవిడది సింధనూరు దగ్గర గోరేబాళ అనే ఊరు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి పండిస్తున్నవాళ్ళ ఇంటి ఆడపడుచు. పొలంలో మోటారు ఫ్యూజులు పీకి పెట్టడం చిన్నప్పటి నుంచీ చేతికొచ్చిన పని.

భోజనం చేసి బస్టాండుకి వచ్చాను. నిలబడే చోటు లేదు. ఎండకి తల తిరుగుతోంది. బస్సు కోసం చూస్తుంటే వార్డెను ఫోను. ఆ దారి దీపాలూ హాస్టలు మోటారూ ఒకే లైను, పొద్దుటి నుంచీ ట్యాంకులో చుక్క లేదట. రెండింటికి పరీక్ష, అమ్మాయిలు గొడవ చేస్తున్నారట. గోడ మీద మూడు ఫ్యూజులూ అలాగే ఉన్నాయట. ఎలక్ట్రీషియను ఫోనెత్తడం లేదు, ఆఫీసు దగ్గర అతని సైకిలు కూడా లేదట.

"ఆయన దిగాడో లేదో తెలీడం లేదండి. మీరు పెట్టమంటేనే పెడతాను" అంది.

వాచీ చూసుకున్నాను. ఒకటీ పది. స్టేషన్లో ఒంటిగంట సైరన్ మోగితే పైనున్నవాళ్ళందరూ కిందికి రావాల్సిందే. పాతికేళ్ళలో ఆ వేళకి దిగనివాణ్ణి నేను చూడలేదు. ఆ క్యాంపసులో సైరనే లేదన్న సంగతి నాకు తట్టలేదు. చీకటిపడేలోగా అని పొద్దున నేనే ఉరిమానన్న సంగతీ తట్టలేదు.

"ఒంటిగంట దాటింది కదమ్మా, దిగే ఉంటాడు. పెట్టేయండి" అన్నాను.

అప్పుడే బస్సు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికిందని సంబరపడ్డాను కూడా.

అతను దిగలేదు. దారి చివర, చెట్ల వెనక స్తంభం మీద ఉన్నాడు. సైకిలు ఆ స్తంభం కిందే పెట్టుకున్నాడు. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. ఆఖరి దీపం బిగించి ఒకేసారి తిందామనుకున్నాడట. నేను వెళ్ళేసరికి ఆస్పత్రి నుంచి కబురు కూడా వచ్చేసింది.

విచారణకి ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. రిజిస్టరులో ఫ్యూజులు తగిలించినట్టు అతని సంతకం ఉంది, తీసుకున్నట్టు లేదు. పెట్టింది తనేనని వార్డెను ఒప్పుకుంది. సారుని అడిగే పెట్టానని చెప్పింది. నన్ను పిలిచి ఏం చెప్పారని అడిగారు. ఉన్నదున్నట్టు చెబుదామనే లోపలికి వెళ్ళాను. ఒట్టు. మాట నాలిక చివర దాకా వచ్చింది. ఎదురుగా ముగ్గురూ నా వంక ఎంతో మర్యాదగా చూస్తున్నారు. ఆ మర్యాద పోతుందేమోనని భయమేసింది.

"దిగాడో లేదో చూసి పెట్టమన్నాను" అన్నాను.

మూడు మాటలు కలిపానంతే. మూలనున్న కుర్చీలోంచి వార్డెను నా వైపు చూసింది. కాదు అనలేదు. ఎవరూ ఆవిణ్ణి మళ్ళీ అడగనూ లేదు. నెల తిరక్కుండా ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు.

మూడు నెలలు తిండి సయించలేదు. చివరికి ఒక ఆదివారం వార్డెనుని చూడ్డానికి గోరేబాళ వెళ్ళాను. కాళ్ళ మీద పడదామని, వెనక్కి వచ్చి నిజం రాసిద్దామని దారంతా అనుకున్నాను. అన్నగారింట్లో ఉంటోంది. సగానికి సగం చిక్కిపోయింది. కుర్చీ వేసి మజ్జిగ తెచ్చిచ్చింది. నేను నోరు తెరవగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ ఊసెత్తకండి. మీరన్నారని రాసిచ్చినా, పెట్టింది ఈ చెయ్యేగా. అన్నం కలుపుతుంటే కూడా గుర్తొస్తుంది" అంది.

నేను మజ్జిగ తాగి వచ్చేశాను. ఆవిడే వద్దంది కదా అని దారిలో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అంత నీచం ఇంకోటి ఉండదు. వద్దంది తన బాధ కోసం. దాన్ని నేను నా వంతు క్షమాపణ కింద జేబులో వేసుకున్నాను. నిజం ఆ రోజే కాదు, మర్నాడూ చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పే మొహమే లేకుండా పోయింది.

ఎలక్ట్రీషియను భార్యకి క్యాంపసులో అటెండరు ఉద్యోగం ఇచ్చారు. ఎక్కడో కాదు, నా గదిలోనే. పొద్దున్నే వచ్చి బల్ల తుడుస్తుంది, బిందె నింపుతుంది. మొదటి రోజు నుంచీ అన్నా అనే పిలుస్తుంది. ఆమెని వేరే గదికి మార్చమని ఆఫీసులో అడుగుదామనుకుంటాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి?

ఈ జూన్‌లో వాళ్ళమ్మాయికి ఇక్కడే సీటొచ్చింది. తాముంటున్న తమ్ముడింట్లో ఒకటే గది, చదువు సాగదని హాస్టల్లో వేస్తానంది. ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. తనకి రాయడం రాదు. పేరు, ఊరు, పుట్టిన తేదీ అడిగి రాశాను. తండ్రి పేరు అడక్కుండానే రాశాను, ఆ అక్షరాల మీద ఆమె వేలు పెట్టింది.

"నువ్వు ఆనాడు ఊర్ల లేకపోతివి అన్నా. నువ్వుంటే గిట్ల గాకపోవు" అంది.

నేను తల ఎత్తలేదు. రాస్తూ పోయాను. చివర్లో ఒక గడి మిగిలింది. ఆపద వస్తే ఎవరికి ఫోను చేయాలి అని ఉంది. తమ్ముడి నంబరు చెప్పమన్నాను.

"ఆడు ఎత్తడు. నీదే రాయి" అంది. "నువ్వు చూసుకుంటవని దైర్నంగ ఏస్తున్న."

రాశాను.