కొండచిలువకు బొట్టు పెట్టబోయి

ఇవాళ పొద్దున తోటలో నీళ్ళ పైపు చుట్ట విప్పబోయి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. సౌదీలో ఈ హాయిల్ ఊరికి వచ్చి తల నెరిసినా, చుట్ట చుట్టుకుని ఉన్నదేది కనబడ్డా నా కుడి చెయ్యి నా మాట వినదు. నా ఈడువాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ.

నేను కొత్తగా వచ్చిన రోజుల్లో వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్ కొడుక్కి పాముల పిచ్చి. తోట చివరి ఏసీ గదిలో రెండు కొండచిలువలను పెంచేవాడు. వాటికి కోళ్ళు వెయ్యడం, గది కడగడం నా పని. ఆ సరదా ముసలి కఫీల్‌కు గిట్టేది కాదు. ఎవరిని కరిచినా ఆ రోజే తుపాకీతో కాల్చేస్తానని అందరూ వినేలా ఒట్టు పెట్టుకున్నాడు.

అంతలో నాగుల పంచమి వచ్చింది. ఇంటి దగ్గర నా భార్యకు ఏడో నెల. కడుపుతో ఉన్నదాని మగడు పాముకు హాని చెయ్యకూడదని మా కరీంనగర్ వైపు పెద్దలు మరీ మరీ చెప్పేవారు. పాలు పోద్దామంటే ఆ ఎడారిలో పుట్ట ఎక్కడిది? ఎదురుగా పామే ఉండగా పుట్టతో పనేమిటనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! దాని మేతకని అప్పుడే కోసిన కోడి నెత్తురు ఉత్త నీళ్ళతో కడుక్కుని, వంటింటి పసుపు వేలికి అద్దుకుని, పెద్దదాని నెత్తిన బొట్టు పెట్టబోయాను. దానికి పసుపేం తెలుసు, కోడి వాసన తెలుసు. బొటనవేలి మొదట్లో పట్టుకుని మోచేతి దాకా చుట్టేసింది. ఎడమ చేత్తో పైపు అందుకుని దాని మూతి మీద చన్నీళ్ళు వదిలితే ఎంతసేపటికో విడిచింది.

దానికి విషం లేదని తెలుసు కాబట్టి చస్తానన్న భయం లేదు. నా వల్ల దాని ప్రాణం పోతే ఆ పాపం కడుపులో బిడ్డకు తగులుతుందన్నదే నా భయం. గుడ్డ చుట్టుకుని మూడు రోజులు దాచాను. చెయ్యి బూరెలా ఉబ్బింది, జ్వరం పట్టుకుంది, ముసలాయన జీపు చప్పుడైతే చాలు చెట్ల వెనక్కి తప్పుకునేవాణ్ణి. చివరికి వంటింట్లో పనిచేసే కడప అక్క రొట్టె ఇస్తూ పట్టేసింది.

“ఏందబ్బా, చెయ్యి దాచుకుంటాండావు? చూపీ.”

“తలుపు నడుమ పడ్డదక్కా.”

“తలుపుకు పండ్లుంటాయా? చెయ్యి పోగొట్టుకుంటావా ఏంది!” అని తిట్టి, కాళ్ళ మీద పడ్డా వినకుండా వెళ్ళి చెప్పేసింది.

ముసలాయనే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు లోపల విరిగిన పన్ను తీసి కట్టు కట్టాడు. తిరిగొచ్చే దారిలో, వచ్చీరాని అరబ్బీలో, నిండు కడుపును చేతులతో చూపిస్తూ, పామును చంపొద్దని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన మర్నాడు పొద్దున్నే పెద్దదాన్ని గోనెసంచిలో కట్టి జీపులో వేసుకుని వెళ్ళాడు, మధ్యాహ్నం భోజనానికి వచ్చి, అభా అనే ఊళ్ళో ఉన్న స్నేహితుడికి ఇచ్చి వచ్చానని చెప్పాడు. నా ప్రాణం లేచొచ్చింది. నెలలు నిండాక కూతురు క్షేమంగా పుట్టింది.

చాలా ఏళ్ళకు పని మీద నేనూ అభా వెళ్ళాను. బస్సులో ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. కిటికీ పక్కన కూర్చుని ఆ మధ్యాహ్న భోజనం గుర్తొచ్చి చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాను. అప్పటికే ముసలాయన పోయాడు. ఇప్పటి యజమానులు మంచివాళ్ళే, ఏదున్నా ఉన్నదున్నట్టు ఫోనులో మెసేజీ పెట్టేస్తారు. పనివాడి భయం చూడలేక అబద్ధమాడే మనిషి మాత్రం నాకు మళ్ళీ తగల్లేదు.